కొసూత్ కౌంటీలో మొక్కజొన్న కాలం

వేసవి మొదట్లో తెనాలి నుంచి దుగ్గిరాల వైపు వెళ్తుంటే, రోడ్డు వారన టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసిన మొక్కజొన్న గింజల వాసన కారు కిటికీలోంచి లోపలికి వచ్చింది. వరి కోసిన మాగాణిని దున్నకుండానే మొక్కజొన్న వేసే అలవాటు మా ప్రాంతానికి నేను దేశం విడిచి వెళ్ళాకే వచ్చింది కాబట్టి, నా చిన్నతనపు జ్ఞాపకాల్లో ఆ వాసన లేదు. నాకు అది అక్టోబరు నెల వాసన. అమెరికాలోని అయొవా రాష్ట్రంలో, మిన్నెసోటా సరిహద్దును ఆనుకొని ఉన్న కొసూత్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), రాత్రింబవళ్ళు గ్యాసు మీద నడిచే డ్రయ్యర్ల నుంచి బయలుదేరి ఊరంతా పరుచుకొనే వాసన. కోత నాటికి గింజలో ఇరవై, ఇరవై అయిదు శాతం దాకా ఉండే తేమను పదిహేనుకు దించితే తప్ప నిలవకు పనికిరాదు. ఇక్కడ ఎండ ఊరికే చేసిపెట్టే ఆ పనికి అక్కడి రైతు ప్రతి బుషెల్‌కూ డబ్బు కట్టాలి. బుషెల్ అంటే మన లెక్కలో పాతిక కిలోల పైచిలుకు.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో డిగ్రీ, ఏమ్స్‌లోని అయొవా స్టేట్ యూనివర్సిటీలో పై చదువు ముగించుకొని, కొసూత్ కౌంటీ కేంద్రమైన అల్గోనా దగ్గర ఒక విత్తనాల కంపెనీ పరిశోధన క్షేత్రంలో ఉద్యోగానికి చేరాను. సంకర మొక్కజొన్న రకాలను తయారుచేయడం నా పని. నా ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం అక్కడే గడిచింది, పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. ఆ సంవత్సరాలన్నిటిలోనూ నా కళ్ళెదుట రెండు లెక్కలు ఎడమొహం పెడమొహంగా నడిచాయి. ఎకరం దిగుబడి పెరుగుతూ పోయింది, మనుషులు తగ్గుతూ పోయారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని అక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కానీ దాని గురించి నోరు విప్పి మాట్లాడినవాళ్ళు కూడా చాలా తక్కువ.

*

అయొవాలో 99 కౌంటీలు ఉన్నాయి. వాటిలో వైశాల్యం రీత్యా అన్నిటికన్నా పెద్దది కొసూత్, సుమారు 973 చదరపు మైళ్ళు. దీని ఉత్తర భాగం ఒకప్పుడు బాన్‌క్రాఫ్ట్ అనే వేరే కౌంటీగా కాగితాల మీద ఉండేది. చాలినంత జనం రాకపోవడంతో 1850లలోనే దాన్ని ఇందులో కలిపేశారు. 1848 నాటి హంగరీ తిరుగుబాటు నాయకుడు లాయోష్ కోషూత్ పేరు ఈ కౌంటీకి పెట్టారు. అల్గోనా కోర్టు ఆవరణలో ఆయన విగ్రహం కూడా ఉంది. హంగరీ వాళ్ళు మాత్రం అక్కడ నాకు ఎవరూ తారసపడలేదు. వచ్చి స్థిరపడినవాళ్ళలో ఎక్కువమంది జర్మన్లు, వాళ్ళ వెనుక స్కాండినేవియా దేశాల వాళ్ళు.

మొదటిసారి ఆ కౌంటీలోకి కారు నడుపుకుంటూ వెళ్ళినప్పుడు నాకు వింతగా తోచినది రోడ్ల పద్ధతి. 1785 నాటి భూ సర్వే చట్టం గీసిన గీతల మీదే ఇప్పటికీ మైలుకొక కంకర రోడ్డు, మైలుకొక అడ్డరోడ్డు ఉంటాయి. నాలుగు రోడ్ల మధ్య చిక్కిన చదరపు మైలును సెక్షన్ అంటారు, అది 640 ఎకరాలు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 160 ఎకరాలు. ఒక కుటుంబం గుర్రాలతో సాగు చేసుకొని బతకడానికి అది సరిపోతుందని ఆనాటి లెక్క. మా ఇంటికి పక్క పొలం పెద్దాయన తన చిన్నతనంలో సెక్షన్‌కు నాలుగు ఇళ్ళు, నాలుగు గాలిమరలు, చలిగాలిని ఆపడానికి ఇంటికి వాయవ్యాన నాటిన నాలుగు చెట్ల తోపులు ఉండేవని చెప్పేవారు. రాత్రిపూట వాకిట్లో నిలబడితే కనిపించే దీపాలను ఏ దీపం ఎవరిదో చెబుతూ లెక్కపెట్టేవారట. నేను వెళ్ళేసరికి సెక్షన్‌కు ఒకటో రెండో ఇళ్ళు మిగిలాయి. కొన్నిచోట్ల ఇల్లు పోయినా తోపు మాత్రం మిగిలి, మొక్కజొన్న మధ్య దీవిలా కనిపించేది.

జనాభా లెక్కలు కూడా ఆయన మాటనే బలపరుస్తాయి. 1940లో కౌంటీ జనాభా 26,630. అదే శిఖరం. 1980 నాటికి అది 21,891కి, 2000 నాటికి 17,163కి దిగింది. 2020లో 14,828. కరువు, యుద్ధం, వలసదండు ఏదీ లేకుండా, ప్రపంచంలోనే అత్యంత సారవంతమైన నేలల్లో ఒకటైన చోట, ఎనభై ఏళ్ళలో ఇంచుమించు సగం మంది వెళ్ళిపోయారు.

*

ఆ నేల గురించి చెప్పకపోతే నా చదువుకు అన్యాయం చేసినట్టే. బాపట్లలో మాకు నల్లరేగడి గురించి పాఠాలు చెప్పారు కానీ, ఆ నలుపు వేరు, ఈ నలుపు వేరు. మన రేగడి నలుపుకు బంకమన్ను ప్రధానం, సేంద్రియ పదార్థం అందులో తక్కువే. కొసూత్ నేల నలుపు వేల ఏళ్ళు పెరిగి, చచ్చి, కుళ్ళిన ప్రెయిరీ గడ్డి వేళ్ళది. మంచు యుగపు హిమానీనదాలు చదును చేసి వదిలిన ఆ భూమికి వాలు లేదు. మొదట వచ్చిన రైతులకు కనిపించినవి పొలాలు కావు, దోమలు ముసిరే నీటి మడుగులు. నేల కింద నాలుగడుగుల లోతున మట్టి గొట్టాలు వరుసలుగా పరిచి, ఆ నీటిని కాలువల్లోకి, అక్కడి నుంచి డెమోయిన్ నది తూర్పు పాయలోకి మళ్ళించాకే అది మొక్కజొన్న దేశమైంది. ఆ పనిలో మునిగిపోయిన శ్రమ ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అదంతా నేల కిందే ఉంది.

1993 వేసవిలో మాత్రం భూమికి తన పాత రూపం గుర్తుకొచ్చినట్టయింది. వారాల తరబడి వానలు కురిసి, గొట్టాలు నీటిని లాగలేక, పటంలో ఎక్కడా లేని మడుగులన్నీ పొలాల మధ్య తేలాయి. వాటిలో బాతులు దిగాయి. టిటోంకా దగ్గరున్న యూనియన్ స్లూ అభయారణ్యానికి పోయి చూడవలసిన పక్షులను ఆ ఏడు మా పరిశోధన మడుల్లోనే చూశాము. అంతకు ముందు ఏడాది 147 బుషెళ్ళు పండిన రాష్ట్రంలో ఆ సంవత్సరం సగటు దిగుబడి ఎకరానికి 80 బుషెళ్ళే. మా క్షేత్రంలో అయిదారేళ్ళ ఎంపిక ఒక్క వేసవిలో పసుపుపచ్చగా మారి కుళ్ళిపోయింది.

*

సంవత్సరం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన రోజులు జూలై మధ్యలో వచ్చేవి. విత్తనం కోసం పెంచే పొలంలో నాలుగు ఆడ వరుసలకు ఒక మగ వరుస చొప్పున వేస్తారు. ఆడ వరుసల మీద విచ్చుకోబోయే మగపూతను పుప్పొడి రాలకముందే తుంచెయ్యాలి. యంత్రాలు చాలావరకు లాగేసినా, మిగిలినవాటిని మనిషి నడిచి వెతకవలసిందే. వందకు ఒకటి మిగిలినా ఆ పొలం విత్తనానికి పనికిరాకుండా పోవచ్చు. ఈ పనికి వచ్చేది పద్నాలుగేళ్ళు నిండిన బడిపిల్లలు. తెల్లవారకముందే పసుపుపచ్చ బడిబస్సులు ఊళ్ళన్నీ తిరిగి వాళ్ళను ఎక్కించుకొని వచ్చేవి. మంచుకు తడిసిన ఆకులు ఒంటికి తగిలి వణుకు పుట్టకుండా, చెత్తసంచులకు తలకూ చేతులకూ కన్నాలు చేసుకొని తొడుక్కొనేవారు. పది గంటలకు ఆ సంచులు గట్టు మీద కుప్పగా పడేవి, మధ్యాహ్నానికి ఎండ మాడ్చేది. ఆకుల అంచులు కోసి చేతులు ఎర్రగా దద్దుర్లు తేలేవి. అయినా మర్నాడు బస్సు ఖాళీగా వచ్చిన రోజు లేదు, అది చాలామందికి సొంతంగా సంపాదించిన మొదటి డబ్బు. మా అమ్మాయి కూడా ఒక వేసవి చేసింది. డాక్టర్ల, బ్యాంకు మేనేజర్ల, పాస్టర్ల పిల్లలు పొలం పనికి వెళ్ళడం అక్కడ చిన్నతనం కాదు. ఆ విషయంలో ఆ ఊరి మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ పని మధ్యలో కొన్నేళ్ళు దాదాపు మాయమైంది. పుప్పొడి పుట్టని గుణం ఉన్న టెక్సాస్ రకం కణద్రవ్యాన్ని ఆడ మొక్కల్లోకి తెచ్చాక, తుంచవలసిన అవసరమే తప్పింది. 1970 నాటికి అమెరికా మొక్కజొన్నలో ఎనభై అయిదు శాతం దాకా ఆ ఒక్క గుణం మీదే ఆధారపడింది. ఆ ఏడు దానికే ప్రత్యేకంగా అంటుకొనే ఆకుమాడు తెగులు దక్షిణం నుంచి గాలిలో పాకి, దేశం పంటలో ఇంచుమించు పదిహేను శాతాన్ని తినేసింది. ఆ తరువాతే పిల్లల బస్సులు మళ్ళీ పొలాలకు వచ్చాయి. నేను చేరినప్పుడు నాకు పని నేర్పిన పెద్ద శాస్త్రవేత్త, కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా ముందు ఈ కథే చెప్పేవారు. ఏ రకమైనా సరే, ఒక్కదాన్నే నమ్ముకోవద్దనేది ఆయన ఉద్దేశం.

సంకర మొక్కజొన్న వ్యాపారానికి పునాది వేసిన హెన్రీ వాలెస్ అయొవా మనిషే. 1926లో విత్తనాల కంపెనీ పెట్టి, తరువాత వ్యవసాయ మంత్రిగా, 1941 నుంచి 1945 వరకు అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 1930లలో పదేళ్ళు తిరగకుండానే రాష్ట్రంలోని పొలాలన్నీ సంకర విత్తనానికి మారిపోయాయి. అంతకు ముందు ఎకరానికి నలభై బుషెళ్ళు, అంటే మన లెక్కలో పది క్వింటాళ్ళు. ఇప్పుడు రెండు వందల బుషెళ్ళు మామూలు పంట. నలభై బుషెళ్ళ రోజుల్లో కండెలను చేత్తో విరిచి బండిలోకి విసిరేవారు. మంచి పనివాడు రోజంతా చేసిన పనిని ఇప్పటి కంబైన్ కొన్ని నిమిషాల్లో ముగిస్తుంది.

*

నేను ఉద్యోగంలో చేరిన రోజులు అప్పుల సంక్షోభం ముదిరిన రోజులు. 1970లలో రష్యాకు గింజలు ఎగుమతి అయి, ధరలు పెరిగి, గట్టు నుంచి గట్టు వరకు విత్తమని ప్రభుత్వమే చెప్పడంతో రైతులు అప్పులు తెచ్చి పక్క పొలాలు కొన్నారు. 1980లో రష్యాకు ఎగుమతులు ఆపేశారు. అదే ఏడాది చివర బ్యాంకుల వడ్డీ ఇరవై శాతం దాటింది. అయొవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లు ఉండగా 1986కి 787 డాలర్లకు పడిపోయింది. భూమి చూపించి తెచ్చిన అప్పుకు ఆ భూమి విలువే చాలకుండా పోయింది. వేలంలో పోయిన పొలాలకు గుర్తుగా కోర్టుల ముందు తెల్ల శిలువలు పాతి నిరసన తెలిపిన దృశ్యాలు ఆ రాష్ట్రంలో చాలామందికి ఇంకా గుర్తే. అల్గోనా నడిబొడ్డున, ప్రసిద్ధ వాస్తుశిల్పి లూయీ సల్లివన్ 1913లో రూపకల్పన చేసిన చిన్న ఇటుకల భవనం ఒకటి ఉంది. భూమి కొనుగోళ్ళకూ అప్పులకూ ఏర్పాటైన కార్యాలయం అది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి దాని కిటికీలను ఫొటోలు తీసుకొనేవారిని చూసి, మా పక్క పొలం పెద్దాయన, అప్పు ఇచ్చే చోటు అందంగానే ఉంటుందిలే అనేవారు.

ఆయన బంధువు ఒకరి వేలానికి నన్ను కూడా తీసుకెళ్ళారు. మార్చి నెల, నేల ఇంకా గడ్డకట్టి ఉంది. ట్రాక్టర్లు, నాగళ్ళు వరుసగా నిలిపి, చిన్న సామానంతా గడ్డి బండ్ల మీద పరిచారు. సుత్తులు, గొలుసులు, పాల క్యాన్లు, పిల్లల సైకిల్, అన్నీ ఉన్నాయి. వేలం పాటగాడి గొంతు ఆగకుండా దొర్లుతూనే ఉంది. పక్కన చర్చి ఆడవాళ్ళు కాఫీ, ఆపిల్ పై అమ్ముతున్నారు. అమ్ముడుపోతున్న సామాను తాలూకు మనిషి ఒక్కో వస్తువు దగ్గరికీ నడిచి, ఇది బాగా పనిచేస్తుంది, దీనికి బేరింగు మార్చాలి అని నిజాయితీగా చెబుతున్నాడు. పెద్దాయన ఒక ఇనుప వైస్ పాడుకొని, డబ్బు కట్టి, తిన్నగా తీసుకెళ్ళి ఆ బంధువు ట్రక్కులోనే పెట్టి వచ్చారు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఆ కుటుంబం ఆ వేసవిలోనే డెమోయిన్ నగరానికి వెళ్ళిపోయింది.

*

ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండు గంటలకు సైరన్ మోగేది. అది మోగిందంటే రేడియోలో గింజల ధరలు, పందుల ధరలు, వాటి వెనకే ఆ రోజు అంత్యక్రియల వివరాలు వస్తాయని అర్థం. ఎదురుగా వచ్చే ప్రతి కారుకూ స్టీరింగ్ మీది నుంచి ఒక వేలు ఎత్తి పలకరించడం మర్యాద. నాకు అది అలవాటై, గుంటూరు ట్రంకు రోడ్డు మీద కూడా ఒకటి రెండుసార్లు వేలెత్తాను. ఎవరూ పట్టించుకోలేదు. అల్గోనాలో హార్మెల్ వాళ్ళ పెపరోని కర్మాగారం, స్నాప్-ఆన్ పనిముట్ల కర్మాగారం ఉండడం వల్ల ఆ ఊరు మిగతావాటికన్నా కొంత నిలదొక్కుకుంది. చిన్న ఊళ్ళలో ముందు కిరాణా కొట్టు, తరువాత బడి, చివరికి పోస్టాఫీసు, ఈ వరుసలో మూతపడేవి. చర్చి, ఎలివేటర్ మాత్రం మిగిలేవి. గింజలు నిలవచేసే ఆ ఎలివేటర్ల కాంక్రీటు గోపురాలు పది మైళ్ళ నుంచి కనిపించేవి.

బడి పోవడమే అన్నిటికన్నా పెద్ద దెబ్బ. అయొవాలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌ను జట్టుకు ఆరుగురితో, ముగ్గురు ఒక సగంలో ముగ్గురు మరో సగంలో ఉండి ఆడే పద్ధతి చాలా కాలం నడిచింది. క్లాసులో పదిమంది ఆడపిల్లలున్న ఊరు కూడా నగరం బడిని ఓడించగలిగేది. ఆట ఉన్న రాత్రి ఊరు ఊరంతా కార్ల వరుసగా కదిలేది, ఇంటి దగ్గర ఎవరూ మిగలరు కనుక దొంగలకు మంచి రోజని చమత్కరించేవారు. 1993లో ఆ ఆట ఆగిపోయింది. ఆ తరువాత బడులు కలిసిపోతూ వచ్చి, వాటి పేర్లు ఊళ్ళ పేర్లు కాకుండా దిక్కుల పేర్లయ్యాయి. కలిసిన బడికి ఏ ఊరి రంగులు ఉండాలి, ఏ జంతువు బొమ్మ ఉండాలి అన్న సభలు భూమి తగాదాలకన్నా తీవ్రంగా జరిగేవి.

మాకు కబుర్లాడుకోవడానికి తెలుగువాళ్ళు దగ్గరలో లేరు. ఉగాదికి ఏమ్స్ దాకా వంద మైళ్ళు వెళ్ళేవాళ్ళం. మా ఆవిడ ఆవకాయ జాడీని మా పక్క పొలం పెద్దాయన భార్య అందరికన్నా ముందు మెచ్చుకొని, ఉడికించిన బంగాళాదుంపల్లో కలుపుకొని తినేది.

*

నేను అమ్మతో ఫోనులో తెలుగులో గట్టిగా మాట్లాడుతుంటే విని పెద్దాయన ఒకసారి ఒక సంగతి చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1918లో, బడిలో, చర్చిలో, రైలులో, చివరికి ఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వాడకూడదని ఆ రాష్ట్ర గవర్నరు ప్రకటన చేశాడట. కౌంటీలో జెర్మేనియా అని పేరున్న ఊరు ఆ రోజుల్లోనే లకోటా అయింది. ఆ ఇళ్ళలో జర్మను యాసలు వంటగదులకే పరిమితమయ్యాయి. తరువాతి యుద్ధంలో, 1944లో, అల్గోనా దగ్గరే జర్మన్ యుద్ధఖైదీల శిబిరం పెట్టారు. ఊరి కుర్రాళ్ళు యుద్ధానికి వెళ్ళి పనివాళ్ళు లేని పొలాల్లోకి ఖైదీలు కూలీలుగా వచ్చారు. పెద్దాయన నాన్న వంటగదిలో దాచుకున్న యాస అప్పుడు మళ్ళీ పొలంలో పనికొచ్చిందట. ఎడ్వర్డ్ కైబ్ అనే ఖైదీ తోటివారితో కలిసి సిమెంటుతో, మనిషి ఎత్తులో సగం ఉండే బొమ్మలు చేసి క్రీస్తు పుట్టుక దృశ్యాన్ని అమర్చాడు. శిబిరం ఎత్తేసినా ఆ బొమ్మలు ఊళ్ళోనే ఉండిపోయాయి. ప్రతి డిసెంబరులోనూ సంత మైదానంలో మెథడిస్టు చర్చి మగవాళ్ళు వాటిని చూపిస్తారు. మేము ఏటా వెళ్ళేవాళ్ళం. గొర్రెల బొమ్మలు మా అబ్బాయికి మిగతా అన్నిటికన్నా నచ్చేవి.

*

1998 డిసెంబరులో పందుల ధర వంద పౌన్లకు పది డాలర్ల కన్నా కిందికి పోయింది. మేపిన ఖర్చులో మూడో వంతు కూడా రాలేదు. అప్పటిదాకా ప్రతి ఇంటి వెనకా ఓ యాభయ్యో వందో పందులుండేవి. ఇంటి అప్పు తీర్చేది అవేనని చెప్పుకొనేవారు. ఆ చలికాలంతో చిన్న పెంపకందార్లు చాలామంది విరమించుకున్నారు. మిగిలింది మన బ్రాయిలర్ కోళ్ళ పద్ధతి. పంది, మేత కంపెనీవి, షెడ్డు అప్పు, ఎరువు రైతువి. ఇప్పుడు ఆ కౌంటీలో మనుషులకన్నా పందులు ఎన్నో రెట్లు ఎక్కువ, కానీ రోడ్డు మీద వెళ్ళేవాడికి ఒక్క పందీ కనిపించదు. పొడవైన షెడ్లు, వాటి చివర ఫ్యాన్లు, గాలి వాటుగా వచ్చినప్పుడు వాసన, అంతే.

పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆమధ్య అటు వెళ్ళినప్పుడు ఆయన ఇల్లు లేదు. బావి పూడ్చి, తోపు పెకలించి, ఇంటి స్థలంలో కూడా మొక్కజొన్న వేశారు. ఖాళీ ఇంటికి పన్ను కట్టడం దండగ, ఎకరం పది వేల డాలర్లు దాటిన చోట తోపు ఉంచడం ఇంకా దండగ. మనవడు అల్గోనా ఊళ్ళో ఉంటూ, సొంతమూ కౌలూ కలిపి మూడు వేల ఎకరాలు ఒక జీతగాడితో సాగు చేస్తున్నాడు. కౌలు భూముల యజమానుల్లో చాలామంది మినియాపొలిస్‌లోనో అరిజోనాలోనో ఉంటారట, కొందరిని అతను ఎప్పుడూ చూడలేదట. అతని భార్య ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేస్తుంది. జీతం కోసం కాదు, మూడు వేల ఎకరాల రైతు కుటుంబానికి ఆరోగ్య బీమా దొరికేది ఆ ఉద్యోగం వల్లనే.

భోజనాల దగ్గర అతను నన్ను ఒకే విషయం గుచ్చి గుచ్చి అడిగాడు. పల్లె ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే విదేశీ డాక్టర్లకు వీసాలో సడలింపు ఉంది కదా, మీ వాళ్ళలో డాక్టర్లు చాలామంది ఉంటారు కదా, ఒకరిద్దరిని ఇటు పంపగలరా అని. షికాగోలో రెసిడెన్సీ ముగిస్తున్న మా మేనల్లుడి నంబరు ఇచ్చాను. వాడు ఆ రాత్రే నాకు ఫోను చేసి, మామయ్యా, దగ్గరలో విమానాశ్రయం ఎంత దూరం, అక్కడ పిల్లల బడి ఇంకా ఉందా అని అడిగాడు. విమానాశ్రయం గంట ప్రయాణమనీ, బడి ఉందనీ, చేరాలనుకుంటే మాత్రం జనవరిలో కాకుండా జూలైలో వెళ్ళి చూడమనీ చెప్పాను.